తిమింగలం ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్లిందో తెలియాలంటే: ఫొటో గుర్తింపా, శాటిలైట్ ట్యాగా, డీఎన్‌ఏనా?

2013 జులైలో కొలంబియా పసిఫిక్ తీరంలోని ట్రిబుగా అఖాతంలో ఒక మగ హంప్‌బ్యాక్ తిమింగలం తోకను ఫొటో తీశారు. 2017లో అదే తీరంలో బాహియా సొలానో దగ్గర అది మళ్లీ కనిపించింది. 2022 ఆగస్టులో అదే తోక ఆఫ్రికా తూర్పు తీరాన, జాంజిబార్ జలసంధిలో ఇంకో కెమెరాకు చిక్కింది. ఆ చివరి నుంచి ఈ చివరికి కనీస దూరం 13,046 కిలోమీటర్లు. దాని ఒంటికి ఎవరూ పరికరం గుచ్చలేదు. పాత తోక ఫొటోను, కొత్త తోక ఫొటోను పక్కపక్కన పెట్టి పోల్చారు, అంతే.

2017 నవంబర్‌లో ఒమన్ దగ్గర లుబాన్ అనే ఆడ హంప్‌బ్యాక్‌కు శాస్త్రవేత్తలు శాటిలైట్ ట్యాగ్ (ఒంటికి గుచ్చితే ఉపగ్రహానికి సంకేతం పంపే పరికరం) వేశారు. అది అరేబియా సముద్రం దాటి మన పశ్చిమ తీరానికి వచ్చింది. తీరం వెంట దక్షిణ కొసదాకా వెళ్లి తిరిగి ఒమన్ వైపు మళ్లింది. అప్పటిదాకా ఒమన్ హంప్‌బ్యాక్‌లు భారత తీరానికి వస్తాయనడానికి ఇంత సూటి సాక్ష్యం లేదు.

రెండూ దూర ప్రయాణాలే అయినా మనకు తెలిసింది ఒకటి కాదు. లుబాన్ ఏ వారం ఎక్కడుందో తెలుసు. జాంజిబార్ తిమింగలం ఏ దారిన వెళ్లిందో తెలియదు. ఒకే ఏడాదిలో వెళ్లిందో, మధ్యలో నాలుగేళ్లు ఎక్కడైనా తిరిగిందో కూడా తెలియదు. ఒక మనిషి విజయవాడ స్టేషన్ కెమెరాలో ఒకసారి, హౌరా స్టేషన్ కెమెరాలో ఇంకోసారి కనిపిస్తే ఆయన రెండు చోట్లకూ వెళ్లాడని చెప్పగలం గానీ ఏ రైలెక్కాడో చెప్పలేం. పద్ధతి ఎంచుకునేటప్పుడు మొదట గుర్తు పెట్టుకోవలసింది ఈ తేడానే.

## ముందు తేల్చుకోవలసినవి

దారి కావాలా, మజిలీలు చాలా? ఓడల దారిలో తిమింగలాలు ఏ నెలలో ఎక్కడ దాటుతున్నాయో తెలియాలంటే దారి కావాలి. ఈ గుంపు మేసే చోటు, ఈనే చోటు ఏవన్నదే ప్రశ్న అయితే మజిలీలు చాలు.

ఒక్క తిమింగలమా, మొత్తం జనాభానా? పది ట్యాగులతో పది దారులు తెలుస్తాయి. ఒక సముద్రంలో ఎన్ని ఉన్నాయి, పెరుగుతున్నాయా తగ్గుతున్నాయా అన్న ప్రశ్నకు వేల ఫొటోలు కావాలి.

ఎన్నాళ్ల కథ? ట్యాగ్ వారాలు, మహా అయితే నెలలు పనిచేస్తుంది. తోక మీది మచ్చలు దశాబ్దాలు ఉంటాయి.

అది ఏ జాతి? తోక ఎత్తి మునిగే జాతి అయితే ఫొటోతో పని సులువు. తోక చూపించనిదైతే ఫొటో ఎక్కడ తీయాలన్నదే మారిపోతుంది.

అనుమతి, డబ్బు ఉన్నాయా? మన దేశంలో తిమింగలాలన్నీ వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 మొదటి షెడ్యూలులో ఉన్నాయి. ట్యాగ్ వేయాలన్నా, డీఎన్‌ఏ కోసం చర్మం ముక్క తీయాలన్నా ప్రభుత్వ అనుమతి ఉన్న పరిశోధన బృందానికే సాధ్యం. దూరం పాటించి పడవలోంచి ఫొటో తీయడం మామూలు మనిషీ చేయగలడు.

| | ఫొటో గుర్తింపు | శాటిలైట్ ట్యాగ్ | చర్మం ముక్క (డీఎన్‌ఏ) | నీటి అడుగు మైకులు |
|---|---|---|---|---|
| ఏం చెబుతుంది | ఫలానా తిమింగలం ఫలానా రోజున ఇక్కడ ఉంది | దారి, వేగం, ఆగిన చోట్లు | ఎవరు, ఆడో మగో, ఎవరికి చుట్టం | ఏ జాతి, ఏ గుంపు ఉంది |
| ఎంతకాలం | దశాబ్దాలు | వారాల నుంచి నెలలు | జీవితాంతం | మైకు ఉన్నన్నాళ్లు |
| ఒంటికి గాయం | లేదు | ఉంది | చిన్నది | లేదు |
| పెద్ద లోపం | కెమెరా లేని చోటు ఖాళీయే | తక్కువ తిమింగలాలు, ఎక్కువ ఖర్చు | ల్యాబ్, అనుమతి | ఫలానా తిమింగలమని చెప్పలేదు |

## ఫొటో గుర్తింపు: ఎక్కడ గెలుస్తుంది, ఎక్కడ ఓడుతుంది

1930లలో తిమింగలాల ప్రయాణం తెలుసుకోవడానికి వాటి ఒంట్లోకి నంబరు చెక్కిన ఉక్కు గొట్టాలు పేల్చేవారు. ఆ తిమింగలాన్ని వేటాడి కోసినప్పుడే గొట్టం దొరికేది. అంటే అది ఎక్కడికి వెళ్లిందో తెలియాలంటే అది చావాలి. 1970లలో ఈ పరిస్థితి మారింది. అర్జెంటీనాలోని వాల్డెస్ ద్వీపకల్పం దగ్గర రోజర్ పేన్ ‘రైట్’ జాతి తిమింగలాల తల మీది కాయలను (గట్టిపడ్డ చర్మపు మచ్చలను) బట్టి, కెనడాలో మైకేల్ బిగ్ ఓర్కాల వీపు రెక్కను బట్టి, అట్లాంటిక్‌లో స్టీవెన్ కటోనా బృందం హంప్‌బ్యాక్ తోకను బట్టి ఒక్కొక్కదాన్నీ విడిగా గుర్తుపట్టడం మొదలుపెట్టారు. బతికున్న తిమింగలాన్ని ఏళ్ల తరబడి అనుసరించడం అప్పటి నుంచే వీలైంది.

హంప్‌బ్యాక్ తోక అడుగుభాగం దాదాపు పూర్తి తెలుపు నుంచి దాదాపు పూర్తి నలుపు దాకా ఉంటుంది. పాత పద్ధతిలో దీన్ని అయిదు తరగతులుగా విడదీసి, కొత్త ఫొటోను ముందు ఆ తరగతిలోనే వెతికేవారు. గుర్తుపట్టడానికి మూడు చోట్లు చూడాలి: తెలుపు నలుపు మరకల ఆకారం, తోక వెనక అంచు మీది రంపపు పళ్లు, మధ్యలో V ఆకారపు గండి. వీటికి తోడు ఓర్కా పళ్ల గీతలు, వలతాడు కోసిన మచ్చలు ఉంటాయి. మచ్చ కొత్తగా పడవచ్చు గానీ రంపపు అంచు అంత తేలిగ్గా మారదు. అందుకే అనుమానం వస్తే ముందు అంచునే నమ్మాలి.

ఈ పద్ధతి బలం 2010లో బాగా తెలిసొచ్చింది. అట్లాంటిక్‌లో శతాబ్దాల కిందటే అంతరించిన బూడిద తిమింగలం ఒకటి మే 8న ఇజ్రాయెల్ తీరంలో కనిపించింది. 22 రోజుల తర్వాత బార్సిలోనా దగ్గర ఒకటి కనిపించింది. తోక మచ్చలు పోల్చితే రెండూ ఒకటే. దానికి ట్యాగ్ వేసి ఉంచే అవకాశమే లేదు, ఎందుకంటే అది అక్కడికి వస్తుందని ఎవరూ ఊహించలేదు. ఊహించని ప్రయాణాన్ని పట్టడంలో ఫొటోకు సాటి లేదు. 1999లో బ్రెజిల్‌లో కనిపించిన ఆడ హంప్‌బ్యాక్ 2001లో మడగాస్కర్ దగ్గర, 9,800 కిలోమీటర్లకు పైగా అవతల తేలిందన్న సంగతీ ఇలాగే బయటపడింది.

ఓడిపోయే చోట్లూ చెప్పాలి.

దూడల తోక రంగు మొదటి ఏళ్లలో మారుతుంది. దూడగా తీసిన ఫొటోతో పెద్దయ్యాక తీసిన ఫొటో జత కలవకపోవచ్చు, అంటే రెండూ ఒకే తిమింగలానివని తేలకపోవచ్చు. పూర్తి నల్ల తోకలకు రంపపు అంచు తప్ప ఆధారం ఉండదు, కాబట్టి వాటిలో జతలు తప్పిపోవడం ఎక్కువ. అన్నిటికన్నా పెద్దది కెమెరాల పంపిణీ. కాలిఫోర్నియాలోని మాంటెరే బేలో, హవాయిలో రోజూ పదుల పడవలు తిరుగుతాయి. బంగాళాఖాతం నడిమధ్య ఎవరూ ఉండరు. ఫొటోల పటంలో బంగాళాఖాతం ఖాళీగా ఉంటే అక్కడ తిమింగలాలు లేవని కాదు, ఫొటో తీసేవారు లేరని అర్థం.

## ఫొటో తీశాక ఎక్కడ ఇవ్వాలి: కళ్లు, హ్యాపీవేల్, ఫ్లూక్‌బుక్

కేటలాగ్‌లో (ఇప్పటికే గుర్తుపట్టిన తిమింగలాల ఫొటోల జాబితాలో) 1,000 తోకలుండి, మీ దగ్గర 200 కొత్త ఫొటోలుంటే, కంటితో చేస్తే 2 లక్షల పోలికలు. 2004–06లో ఉత్తర పసిఫిక్‌లో జరిగిన స్ప్లాష్ ప్రాజెక్టులో 7,971 హంప్‌బ్యాక్‌లను గుర్తించారు. ఆ పోలిక పని ప్రధానంగా మనుషుల కళ్లతోనే నడిచింది. ఇప్పుడు ఆ పరిమాణంలో పని కంటితో మొదలుపెట్టడం అనవసర శ్రమ. అయినా వందలోపు తిమింగలాలున్న చిన్న గుంపుకు కంటి పోలికే మేలు. రోజూ ఆ పని చేసేవారికి ఒక్కో తోక గుర్తుండిపోతుంది, పాడైన ఫొటోలోంచి కూడా ఆనవాలు పట్టగలరు. ఒమన్‌లో ఫొటోల ఆధారంగా కట్టిన అంచనా 82 హంప్‌బ్యాక్‌లు మాత్రమే. అంత చిన్న కేటలాగ్‌లో ఒక్క తప్పు జత పడినా అంచనా తేడా వస్తుంది. అక్కడ తోకతో పాటు వీపు రెక్క ఎడమ, కుడి ఫొటోలూ వాడారు.

హ్యాపీవేల్ అనే వెబ్‌సైట్‌ను 2015లో టెడ్ చీజ్‌మన్ మొదలుపెట్టారు. పర్యాటకులు ఫొటో, తేదీ, చోటు ఎక్కిస్తే కంప్యూటరే తోకను పోలుస్తుంది. జత దొరికితే ఈమెయిల్ వస్తుంది. ఆ తిమింగలం తర్వాత ఎక్కడైనా కనిపించినా తెలియజేస్తుంది. మంచి ఫొటోల మీద దీని కచ్చితత్వం 97–99 శాతమని 2022లో ప్రచురించారు. 2001 నుంచి 2021 దాకా ఉత్తర పసిఫిక్‌లో ఇందులో చేరిన హంప్‌బ్యాక్‌లు 27,956. ఈ ఫొటోల నుంచే అక్కడి జనాభా 2012లో సుమారు 33,488 ఉండి, 2021కి 26,662కి పడిపోయిందని లెక్క కట్టారు. ఇరవై శాతం తగ్గుదల. మధ్యలో సముద్రం అసాధారణంగా వేడెక్కిన కాలం ఉంది. ఎన్ని ట్యాగులు వేసినా ఈ లెక్క వచ్చేది కాదు. అందుకే హంప్‌బ్యాక్ తోక ఫొటో చేతిలో ఉన్న ఎవరికైనా మొదటి సలహా హ్యాపీవేలే.

ఫ్లూక్‌బుక్ కూడా వెబ్‌సైటే గానీ పరిశోధకుల పనిముట్టు. ఎక్కించిన సమాచారం మీద హక్కు ఎక్కించినవారి చేతుల్లో ఉంటుంది, ఎవరితో పంచుకోవాలో వారే నిర్ణయించుకుంటారు. ఎక్సెల్ పట్టికతో వందల ఫొటోలు ఒకేసారి ఎక్కించవచ్చు. ఒకే ఫొటో మీద వేర్వేరు పోలిక పద్ధతులు నడిపి ఫలితాలు చూసుకోవచ్చు. స్పెర్మ్ తిమింగలాల తోక అంచు వంటివీ పోలుస్తుంది. అరేబియా సముద్ర తిమింగలాల నెట్‌వర్క్ తన ఉమ్మడి సమాచారానికి దీన్నే ఎంచుకుంది. నేర్చుకోవడానికి సమయం పడుతుంది. సెలవుల్లో నాలుగు ఫొటోలు తీసినవారికి ఇంత అవసరం లేదు. పశ్చిమ తీరంలో పనిచేసే పరిశోధక విద్యార్థి మాత్రం, జత దొరికితే ఒమన్‌తోనే దొరుకుతుంది కాబట్టి, ఫ్లూక్‌బుక్‌తో మొదలుపెట్టాలి.

ఏది వాడినా యంత్రం జత చూపించాక మనిషి చూడాలి. మామూలు జతకు ఒకరు చాలు. వేల కిలోమీటర్ల జతకు ఇద్దరు విడివిడిగా చూసి, కనీసం మూడు గుర్తులు కలిశాయని రాసుకోవాలి. రెండు ఫొటోల్లో ఒకటి అద్దంలో బొమ్మలా తిరగబడలేదని సరిచూడాలి. తేదీలను అసలు ఫైలు నుంచి మళ్లీ తీయాలి. జత ఎంత ఆశ్చర్యంగా ఉంటే అంత గట్టిగా తరచి చూడాలి.

## ఏ జాతికి ఏ భాగం

| జాతి | ఫొటో తీయవలసిన భాగం | జాగ్రత్త |
|---|---|---|
| హంప్‌బ్యాక్ | తోక అడుగుభాగం, తర్వాత వీపు రెక్క రెండు పక్కలు | తోక పైభాగం ఫొటో పనికిరాదు |
| నీలి తిమింగలం | వీపు రెక్క చుట్టూ పక్కల మచ్చలు, ఎడమ, కుడి విడిగా | తోక ఎత్తేవి తక్కువ |
| రైట్ తిమింగలం | తల మీది కాయలు, పైనుంచి | డ్రోన్‌కు అనుమతి కావాలి |
| ఫిన్ తిమింగలం | కుడి పక్క తల వెనక చారలు, వీపు రెక్క | ఎడమ పక్క మచ్చలు మసక |
| బూడిద తిమింగలం | రెండు పక్కల మచ్చలు, తోక | అంటుకున్న జీవులు రాలిపోతాయి, వాటిని గుర్తుగా తీసుకోవద్దు |
| స్పెర్మ్ తిమింగలం | తోక వెనక అంచు | మునిగే క్షణమే దొరుకుతుంది |
| బ్రైడ్స్ తిమింగలం | వీపు రెక్క మీది గాట్లు, రెండు పక్కలు | తోక దాదాపు చూపించదు |

నీలి తిమింగలంతో ఒక చిక్కుంది. ఒక తిమింగలం ఎడమ పక్కను ఒకరు, కుడి పక్కను ఇంకొకరు తీసి, రెండూ ఒకటేనని ఎవరికీ తెలియకపోతే, కేటలాగ్‌లో అది రెండు తిమింగలాలుగా కూర్చుంటుంది. ఒకే సందర్భంలో రెండు పక్కలూ తీసిన ఫొటో దొరికేదాకా ఆ తప్పు దిద్దలేం. అందుకే రెండు పక్కలూ పట్టేదాకా కెమెరా దించొద్దు. చిలీ దక్షిణ తీరంలోనూ, గలాపగోస్ దగ్గరా కనిపించింది ఇసబెల్లా అనే ఒకే ఆడ నీలి తిమింగలమని ఫొటోను, డీఎన్‌ఏను కలిపి తేల్చారు. దూరం 5,200 కిలోమీటర్లు. అంత పెద్ద మాట అనడానికి రెండు సాక్ష్యాలు ఉండటం మేలు.

## పనికొచ్చే ఫొటో ఎలా తీయాలి

హవాయిలో హంప్‌బ్యాక్‌కు 100 గజాల దూరం తప్పనిసరి. ఆస్ట్రేలియాలో పడవలకు 100 మీటర్లు, దూడ ఉంటే 300. ఈ దూరాన్నిబట్టే లెన్స్ ఎంచుకోవాలి. పెద్ద హంప్‌బ్యాక్ తోక వెడల్పు నాలుగున్నర మీటర్లనుకుందాం. 100 మీటర్ల దూరంలో ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకు 400 మి.మీ. లెన్స్ ఉంటే తోక ఫ్రేములో సగం నింపుతుంది. 200 మి.మీ. అయితే పావు. ఫోన్ మామూలు లెన్స్‌తో, 4,000 పిక్సెళ్ల వెడల్పు ఫొటోలో ఆ తోకకు దక్కేది 130 పిక్సెళ్లే. రంపపు అంచు అందులో కనిపించదు. ఫోన్‌లో 3 రెట్ల ఆప్టికల్ జూమ్ ఉంటే 400 పిక్సెళ్లకు దగ్గరగా వస్తుంది, దానితో పని జరగొచ్చు. డిజిటల్ జూమ్ వల్ల లాభం లేదు.

షట్టర్ స్పీడ్ 1/1000 కన్నా తగ్గకూడదు, పడవ ఊగుతుంటే 1/1600. ఐఎస్‌ఓ పెరిగినా ఫరవాలేదు, గరుకుగా ఉన్న ఫొటో జత కలుస్తుంది, కదిలిన ఫొటో కలవదు. ఎండకు ఎదురుగా తీస్తే తోక మొత్తం నల్లగా వస్తుంది, ఎక్స్‌పోజర్ ఒక మెట్టు పెంచండి. వరసగా ఫొటోలు కొట్టే మోడ్‌లో పెట్టండి. తిమింగలం వరసగా పలుమార్లు ఊపిరి వదిలి, చివరికి ఒకసారి వీపును బాగా వంచుతుంది. అదే సూచన. మరో రెండు మూడు క్షణాల్లో తోక లేస్తుంది. తోక నిటారుగా లేచి, అడుగుభాగం పూర్తిగా మీవైపు తిరిగిన ఫొటో కావాలి. అందుకోసం తిమింగలం వెనక ఉండాలి. పక్క నుంచి అందమైన ఫొటో వస్తుంది గానీ జత కుదరదు.

కెమెరా గడియారం సంగతి చాలామంది పట్టించుకోరు. హైదరాబాద్ సమయంతో ఉన్న కెమెరాను మాంటెరేకు తీసుకెళ్లి మధ్యాహ్నం తీస్తే ఫొటో మీద రేపటి తేదీ పడుతుంది. ఇలాంటి ఒక్క తేదీ తేడాతో ఒకే తిమింగలం ఒకేరోజు రెండు తీరాల్లో ఉన్నట్టు రికార్డులో చేరిపోవచ్చు. పడవ ఎక్కగానే ఫోన్ తెర మీది సమయాన్ని కెమెరాతో ఒక ఫొటో తీయండి, తర్వాత ఎంత తేడా ఉన్నా సరిచేయవచ్చు. జీపీఎస్ లేని కెమెరా అయితే ఫోన్‌లో చోటు రాసుకోండి. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే నాణ్యతా పోతుంది, తేదీ, చోటు సమాచారమూ పోతుంది. డాక్యుమెంట్‌గా పంపండి, లేదా అసలు ఫైలునే ఎక్కించండి. ఫిల్టర్లు వేయొద్దు.

## శాటిలైట్ ట్యాగ్ ఎప్పుడు

2011లో రష్యా తూర్పు కొసన సఖాలిన్ దీవి దగ్గర ట్యాగ్ వేసిన వర్వారా అనే బూడిద తిమింగలం పసిఫిక్ దాటి మెక్సికో వెళ్లి తిరిగొచ్చింది. 172 రోజుల్లో 22,511 కిలోమీటర్లు. సఖాలిన్ తిమింగలాలు వేరే గుంపన్న నమ్మకాన్ని ఆ దారి కదిలించింది. ఇంత వివరంగా దారిని చెప్పగలిగేది ట్యాగే.

ట్యాగ్ ఆర్గోస్ ఉపగ్రహాలకు సంకేతం పంపేది తిమింగలం పైకి తేలినప్పుడే. మంచి స్థానమైతే 250 మీటర్ల లోపు తేడా, చాలావాటికి కిలోమీటరు, అంతకుమించి కూడా. లోతుగా నాటే రకం కొవ్వు దాటి కండదాకా దిగుతుంది. గాయం మానాలి, ట్యాగ్ రాలిపోవాలి. ఒక్కో ట్యాగే వేల డాలర్లు, దానిపై ఉపగ్రహ రుసుము, పడవ, నైపుణ్యం ఉన్న మనుషులు. ఒమన్‌లోలా 82 తిమింగలాలే మిగిలిన గుంపులో ఒక్కదానికి గుచ్చే ముందు కూడా చాలా ఆలోచించాలి. ఓడల దారి మార్చడం, వలల కాలం నిర్ణయించడం వంటి నిర్ణయం ఎదుట ఉంటేనే దీనికి వెళ్లాలని నా అభిప్రాయం. వేసే ముందు ఆ తిమింగలం తోక ఫొటో తప్పక తీయాలి, ట్యాగ్ ఆగిపోయాక దాన్ని వెతకడానికి మిగిలేది అదే.

## డీఎన్‌ఏ, శబ్దం

క్రాస్‌బోతో బోలు బాణం వేసి చిన్న చర్మం ముక్క తీస్తారు. హంప్‌బ్యాక్‌లు గంతేసిన చోట ఊడి తేలే చర్మాన్ని వలతో పట్టుకోవచ్చు కూడా. దూడ పెద్దయినా, తోక పూర్తిగా నల్లదైనా డీఎన్‌ఏ మారదు, కాబట్టి ఫొటో తడబడే చోట ఇది నిలబడుతుంది. అరేబియా సముద్రపు హంప్‌బ్యాక్‌లు మిగతావాటి నుంచి సుమారు 70,000 ఏళ్లుగా వేరుగా ఉన్నాయని తేల్చింది ఇదే. శబ్దం రికార్డు చేస్తే నీలి తిమింగలాల్లో ఏ గుంపు పాట ఎక్కడ వినిపిస్తోందో తెలుస్తుంది, ఫలానా తిమింగలమని తెలియదు.

## మీరు ఎవరైతే ఏది

అమెరికాలో మాంటెరేకో, బోస్టన్ దగ్గర స్టెల్‌వాగన్ బ్యాంక్‌కో, సిడ్నీ తీరానికో వెళ్లే తెలుగువారు 300 మి.మీ. పైన లెన్స్ ఉంటే తీసుకెళ్లి, తోక ఫొటోలన్నీ హ్యాపీవేల్‌లో ఎక్కించండి. మసకవి కూడా ఎక్కించండి, పనికిరానివి వాళ్లే పక్కన పెడతారు. పాత హార్డ్‌డిస్కుల్లో ఉన్న ట్రిప్పుల ఫొటోలు ఇంకా విలువైనవి, ఎందుకంటే దూర ప్రయాణపు జతలో ఒక చివర తరచూ పాత ఫొటోనే ఉంటుంది.

శ్రీలంకలో మిరిస్సకో, ట్రింకోమలీకో వెళితే చూసేది ఎక్కువగా నీలి తిమింగలాలను. తోక కోసం కాచుకుని కూర్చోకుండా రెండు పక్కలూ తీయండి.

ఆంధ్ర తీరంలో తిమింగలం ఎక్కువగా ఒడ్డుకు కొట్టుకొచ్చినప్పుడే మన కంటపడుతుంది. అప్పుడూ ఫొటోకు విలువ ఉంది: రెండు పక్కలు, వీపు రెక్క దగ్గరగా, గొంతు కింది మడతలు, తల పైభాగం, పక్కన కొలతకు కర్రో స్కేలో పెట్టి. తల మీద మూడు గట్లుంటే అది బ్రైడ్స్ రకమని తెలుస్తుంది. ముట్టుకోకుండా అటవీ శాఖకు చెప్పి, ఫొటోలను మెరైన్ మ్యామల్ రీసెర్చ్ అండ్ కన్జర్వేషన్ నెట్‌వర్క్ ఆఫ్ ఇండియాకు పంపండి. వేటకు వెళ్లే మత్స్యకారుల ఫోన్లలో బతికున్న తిమింగలాల వీడియోలు ఉంటాయి. వీడియోలోంచి వీపు రెక్క స్పష్టంగా ఉన్న ఫ్రేము తీసి, తేదీ, రేవు పేరు, ఒడ్డు నుంచి ఎంతసేపు ప్రయాణమో అడిగి రాసుకుంటే అదీ రికార్డే.

పరిశోధన మొదలుపెడుతున్న విద్యార్థులు మొదటి రెండేళ్లు ఫొటోల మీదే పెట్టండి. ఫ్లూక్‌బుక్‌లో ఖాతా తెరిచి, ప్రతి ఫొటోకు నాణ్యత 1 నుంచి 5 దాకా మార్కు వేసి, తక్కువ మార్కు ఫొటోలను జనాభా లెక్కలోంచి తీసేయండి. జతలు తప్పిపోయినకొద్దీ ఉన్నవాటికన్నా ఎక్కువ తిమింగలాలున్నట్టు లెక్క తేలుతుంది, ఆ తప్పు సంరక్షణ నిర్ణయాల్లోకి వెళుతుంది. చర్మం నమూనా, ట్యాగ్ గురించి ఆ కేటలాగ్ చేతికొచ్చాక, అనుమతి ఉన్న బృందంతో కలిసి ఆలోచించండి.